అస్తిత్వవాదులు - దేవుడు - మతము

అస్తిత్వవాదమనగా నాస్తికత్వమేయని పలువురు తలంతురు. ఇది సగమే నిజము. ఆ వాదమునకు ఆద్యుడని చెప్పబడు డెన్మార్కు దేశీయుడు కీర్కెగార్డు (1813-1855) దేవుని గాఢముగ నమ్మినవాడు. దానిని లోకమున వ్యాపింపజేసిన ఫ్రెంచి తత్త్వవేత్త సార్త్రు (1905-1980) దేవుడు లేడన్నవాడు. అయినను ఒక విషయమున వీరిద్దరును ఏకమైరి.

కీర్కెగార్డు తండ్రి కోపెన్‌హాగెనులో వర్తకము చేసి ధనము గడించిన భక్తుడు. ఆ దేశమున మతగురువులు నాడు ప్రభుత్వోద్యోగులు. అచట పుట్టినవారెల్ల క్రైస్తవులనియే లెక్క. అందరును పుట్టుకతోనే క్రైస్తవులైనచో, క్రైస్తవుడగుటకు మనిషి చేయవలసినదేమి మిగిలెనని కీర్కెగార్డు ప్రశ్న. 1854లో ఒక బిషప్పు గతింపగా, ఆయనను సత్యమునకు సాక్షియని చర్చి ప్రసంగమున పొగడిరి. సుఖముగ బ్రతికినవారికి ఆ పేరు తగదని అతడు పత్రికాముఖమున ఎదిరించెను. 1855లో మరణశయ్యపై నున్నప్పుడు, ప్రభుభోజనమును సామాన్యుడిచ్చిన పుచ్చుకొందును గాని జీతము తినెడి గురువు చేత పుచ్చుకొననని నిరాకరించెను. అయినను అంత్యక్రియలు చర్చిలోనే జరిగెను. అందు ప్రసంగించినది మతగురువైన అతని అన్నయే. సమాధికడ మేనల్లుడొకడు లేచి ఇది తగదని ఆక్షేపించెను.

సార్త్రు 1945లో పారిసులో నొసగిన ఉపన్యాసమున తన శిష్యుని కథ చెప్పెను. ఆ యువకుని అన్నను యుద్ధము బలిగొన్నది. తల్లికి ఇతడొక్కడే దిక్కు. ఇంగ్లండు చేరి సేనలో పోరాడవలెనా, తల్లికడ నుండవలెనా? సార్త్రు అతనికి దారి చూపలేదు, నిర్ణయము నీదేయనెను. ఏ గురువు నడుగవలెనో ఎంచుకొనుటయే సగము నిర్ణయమనియు, అతడేమి చెప్పునో అడుగువానికి ముందే కొంత తెలియుననియు ఆయన వాదము.

దేవుడున్నను లేకున్నను, తన నిర్ణయభారమును మనిషి మరొకరిపై దింపరాదనుటయే వీరిద్దరి మాటల సారము.

ఇందొక చిక్కు గలదు. కీర్కెగార్డునకు క్రీస్తు పరిచయమైనది తండ్రి నేర్పిన భక్తివలనను, తరతరములుగ చర్చి కాపాడిన గ్రంథమువలననే గదా! కావున మతసంస్థ వ్యర్థమనరాదు. త్రాసును, తూకపురాళ్లను అది భద్రపరచి అందింపగలదు. తూచవలసిన చేయి మాత్రము ఎవరిది వారిదే. ఆ చేయి తప్పినచో త్రాసును నిందించుట న్యాయము కాదు.