పది పెద్దదా, ఒకటి పెద్దదా

"మామా, సంప్రదాయమైన టారో కట్ట ఒకటి కొనాలనుకుంటాండా. ఏది మేలు?"

మేనకోడలు కర్నూలు నుంచి కడపకు సెలవులకొచ్చింది. నా బీరువాలో దేశదేశాల పేకకట్టలు ఉన్నాయని చుట్టాలందరికీ తెలుసు కాబట్టి ఈ ప్రశ్న నా దాకా రావడంలో వింత లేదు. వింతంతా 'సంప్రదాయమైన' అన్న ఆ మాటలో ఉంది.

"జోస్యం చూసి చెప్పేదానికా, దాచిపెట్టుకునేదానికా?"

"ముందు నేర్చుకోవాల. దాచుకునేది తర్వాత."

నేర్చుకునేవాళ్లకు అందరూ చూపించేది 1909లో లండన్‌లో విలియం రైడర్ అండ్ సన్ వేసిన కట్ట. ఆలోచన ఎ. ఇ. వెయిట్‌ది, బొమ్మలు పమేలా కోల్మన్ స్మిత్‌వి. పేరు చాలాకాలం ప్రచురణకర్తకూ వెయిట్‌కూ మాత్రమే దక్కింది. గీసిన మనిషికి దక్కింది కాస్త డబ్బు, అదీ తక్కువే. ముక్కలు 78. అందులో 22 తురుపులు: పిచ్చివాడు, చక్రవర్తి, మృత్యువు, సూర్యుడు వగైరా. మిగతా 56 మన పేక లాంటివే. కప్పులు, నాణేలు, కత్తులు, కర్రలు అని నాలుగు జాతులు. పమేలా అంకెల ముక్కల్లో కూడా మనుషుల్నీ సన్నివేశాల్నీ గీసింది. మూడు కత్తుల ముక్క తీస్తే గుండెలో దిగబడిన మూడు కత్తులు కనిపిస్తాయి. దానికి అర్థం చెప్పడానికి పుస్తకం అక్కర్లేదు. ఫ్రాన్సువాళ్ల పాత మార్సే కట్టలో అదే ముక్క తీస్తే వంపు తిరిగిన రెండు కత్తులు, మధ్యన నిలువుగా ఒకటి, చుట్టూ ఆకులు. అంతే.

"అయితే మార్సేదే అసలుది. పమేలాది నిన్నమొన్నటిది, అంతేనా?" అంది.

"మార్సేలో పేరున్న కట్ట నికొలా కోన్వేర్‌ది, 1760 నాటిదంటారు. అది కొంటే న్యాయం ఎనిమిదో తురుపు, బలం పదకొండోది. వెయిట్ ఆ రెండింటినీ తారుమారు చేసినాడు. ఒక కట్ట కొని ఇంకో కట్ట పుస్తకం చదివితే ఈడనే తికమక పడతావు. దాచుకునేదానికైతే మిలాను ప్రభువుల విస్కోంతి స్ఫోర్జా కట్ట ఉంది. పదిహేనో శతాబ్దం నడుమ బంగారు రేకు మీద గీయించినారు. మిగిలింది 74 ముక్కలే. న్యూయార్క్ మోర్గన్ లైబ్రరీలో కొన్ని, బెర్గామోలో కొన్ని. సైతాను, గోపురం, మూడు కత్తులు, నాణేల రౌతు దొరకలేదు. అచ్చు ప్రతుల్లో ఆ నాలుగూ ఈ కాలపువాళ్లు గీసి చేర్చినవే. పెట్టె మీద ఆ సంగతి రాసినాడా లేదా చూసుకుని కొను."

"ఆ ప్రభువులు దేనికి గీయించినారు? జోస్యానికా?"

"ఆటకు."

మైకేల్ డమ్మెట్ ఆక్స్‌ఫర్డ్‌లో తత్వశాస్త్ర ఆచార్యుడు. మాటకు అర్థం ఎక్కణ్ణుంచి వస్తుందన్నదే ఆయన జీవితకాలపు ప్రశ్న. అలాంటి మనిషి 1980లో 'ది గేమ్ ఆఫ్ టారో' అనే లావుపాటి పుస్తకం రాసి, ఈ ముక్కలు పుట్టింది పట్టులు గెలుచుకునే ఆటకేననీ, జోస్యం వాటి మీదికి బాగా ఎక్కింది పద్దెనిమిదో శతాబ్దంలోననీ తేల్చాడు. రెండేళ్లకు లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వేసిన రుడాల్ఫ్ ఫాన్ లైడెన్ పుస్తకంలోనూ ఆయన చెయ్యుంది. అది మన గంజిఫా మీద పుస్తకం.

"గంజిఫా అంటే?"

ఇది కర్నూలు పిల్ల అడగాల్సిన ప్రశ్న కాదు. కానీ నొస్సంలో ఇప్పుడు ఎవరిని అడిగినా ఇంతే కావచ్చు. నొస్సం, కర్నూలు, కడప, మూడూ ఒకప్పుడు గంజిఫా ముక్కలు తయారైన ఊళ్లే. 2022లో నంద్యాల జిల్లాలోకి పోయిన నొస్సం పేరు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తాతగారి ఊరుగా తెలిసినవాళ్లున్నారు గానీ, ముక్కల ఊరుగా చెప్పేవాళ్లు అరుదు. పాత గుడ్డను పొరలు పొరలుగా చింతగింజల బంకతో అతికి, సుద్ద పూసి, గుండ్రంగా కోసి, రంగులేసి, లక్క పూత పెట్టడం గంజిఫా పని. బాబరు 1527లో సింధులోని ఠట్టాకు ఒక కట్ట పంపినట్టు తన చరిత్రలోనే రాసుకున్నాడు. మొగలు కట్టలో ఎనిమిది జాతులు, జాతికి పన్నెండు ముక్కలు. మీర్, వజీర్, ఆపైన ఒకటి నుంచి పది. మొత్తం 96. ముగ్గురు ఆడితే తలా 32. మన వైపు హిందువులు జాతుల్ని పది అవతారాలు చేసుకుంటే 120 అయ్యాయి. మొగలు ఆట పగలైతే ఎర్రనాణెపు జాతితో, రాత్రయితే తెల్లనాణెపు జాతితో మొదలు.

"ఇప్పుడు అసలు సంగతి విను," అన్నాను. "గంజిఫాలో సగం జాతుల్లో మీర్, వజీర్ తర్వాత పది పెద్దది. తక్కిన సగంలో ఒకటి పెద్దది, పది అన్నిటికంటే చిన్నది. ఇటలీ పాత టారో ఆటలో ఎట్లుందో తెలుసునా? కత్తులు, కర్రల్లో పది పెద్దది. కప్పులు, నాణేల్లో ఒకటి పెద్దది."

కాసేపు ఆలోచించింది. "బొమ్మలు యాడివాడివి ఆడ మారిపోయినాయి. ఈ తలకిందుల లెక్క మాత్రం రెండు చోట్లా నిలిచిందంటావు."

"సంప్రదాయం అంటే నాకు అదే. ముక్క మీద ఒకటి అని రాసుంటే దానికి విలువేమీ లేదు. ఏ జాతిలో, ఏ ఆటలో అన్నది తెలిస్తేనే విలువ. కట్ట కొంటే నియమం కూడా కొనుక్కోవాల. లేకపోతే రంగు అట్టలు కొన్నట్టే."

గెలిచాననుకున్నాను. పిల్ల ఒప్పుకోలేదు.

"మామా, నొస్సంలో నియమం ఉండె గదా? మరేంటికి పోయింది? టారో ఏంటికి మిగిలింది?"

టారో బొమ్మలు మిగలడానికి కారణం ఒక అబద్ధం. 1781లో కూర్ ద జెబెలాన్ అనే ఫ్రెంచి పండితుడు ఈ ముక్కలు ఈజిప్టు పూజారుల రహస్య గ్రంథమని రాశాడు. అప్పటికి ఈజిప్టు లిపి చదవగలిగినవాడు లోకంలో ఒక్కడూ లేడు. షాంపోలియన్ 1822లో గానీ దాన్ని విప్పలేదు. చదవలేని లిపి గురించి ఎంత నమ్మకంగానైనా చెప్పొచ్చు.

"ఆ అబద్ధం లేకుంటే నువ్వు చెప్పే కోన్వేర్ కట్టను ఈ పొద్దు ఎవరు అచ్చేస్తారు?" అంది. "ఫ్రాన్సులో ఆట ఆడేవాళ్లు ఏ కట్టతో ఆడతారు?"

ఆ దెబ్బ తగిలింది. ఫ్రాన్సులో టారో ఆట ఇంకా ఇంటింటా ఉంది. కానీ ఆటగాళ్లు పాత బొమ్మల్ని ఏనాడో వదిలేసి, ఆటీన్లూ ఇస్పేట్లూ ఉన్న కొత్త కట్టకు మారిపోయారు. నియమాన్ని ఆటగాళ్లు దాచారు, బొమ్మల్ని సోది చెప్పేవాళ్లు దాచారు. నొస్సం ముక్కలకు ఆటగాడూ మిగల్లేదు, వాటి గురించి ఒక గొప్ప కోత కోసినవాడూ పుట్టలేదు. మహారాష్ట్రలోని సావంతవాడిలో రాజకుటుంబం పూనుకుంది కాబట్టి గంజిఫా బొమ్మలు నిలిచాయి. ఒడిశాలో ముసలివాళ్లు ఇంకా ఆడుతున్నారు కాబట్టి ఆట నిలిచింది. సీమలో జమీందారూ లేకపోయె, అరుగూ లేకపోయె.

"అట్లని అబద్ధాన్ని మెచ్చుకోమంటావా?"

"మెచ్చుకోవద్దులే. చిలకజోస్యం చూడు. చిలక పటం లాగుతాది, ఆయన చెప్తాడు. పటంలో ఉండేది ఎప్పుడూ అదే దేవుడు గదా. వచ్చిన మనిషి మొగం చూసి మాట మారుస్తాడు. అది కూడా ఒక నియమమే. జోస్యం నిజమని నేను అంటల్లేదు. అదీ ఒక ఆటే అంటాండా, ఎదుటిమనిషితో ఆడే ఆట."

బనగానపల్లె రవ్వలకొండలో వీరబ్రహ్మం కాలజ్ఞానం రాశాడని చెప్పుకునే నేల మాది. ఏం జరిగినా, జరిగిన తర్వాత, అది ముందే చెప్పాడని వెతికి చూపించేవాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కాబట్టి పిల్ల మాటను కొట్టిపారేయలేకపోయాను. కాకపోతే ఒక తేడా ఉంది. ఆటలో నేను ఓడిపోగలను. జోస్యంలో చెప్పేవాడు ఓడిపోయే వీలే లేదు. ఆ మాట అన్నాను. దానికి ఆమె దగ్గర జవాబు లేకపోయింది, లేదా చెప్పదలచుకోలేదు.

"అయితే కొనేది పమేలాదే," అంది చివరికి. "నాకు బొమ్మలు మాట్లాడాల. మార్సేది నీ బీరువాలో ఉండనీ. అయినా గంజిఫా ఆడాలంటే ముక్కలు యాడ తేవాల?"

"తేనక్కర్లేదు. మామూలు పేకకట్టలు రెండు తీసుకో. ఎన్ని?"

"నూటనాలుగు."

"జాకీలు తీసేయ్."

"ఎనిమిది పోతే... తొంభై ఆరు! రాజు మీర్, రాణి వజీర్. ఒక కట్ట మొగాల మీద పెన్నుతో చుక్క పెడితే ఎనిమిది జాతులు." వేళ్లు లెక్కపెడుతూ ఆగింది. "ఒకటి పెద్దదయ్యే నాలుగూ ఎర్రవి పెట్టుకుందాం. రెండు కట్టల ఆటీన్లు, డైమన్లు. కానీ మూడో మనిషి?"

వంటింట్లోంచి వాళ్ల అత్తను పిలిచాం. చెయ్యి తుడుచుకుంటూ వచ్చి కూర్చుని ఆమె అడిగిన మొదటి మాట, డబ్బులకా, ఉత్తికేనా అని.