నిర్బంధ భయానక చిత్రాలు – ప్రేక్షకాభిప్రాయం: ఒక నైతిక పరిశీలన

ఉపోద్ఘాతం

తక్కువ పెట్టుబడితో స్వతంత్రంగా నిర్మించే భయానక చిత్రాల్లో నిర్బంధం తరచుగా ఇతివృత్తమవుతుంది. దీనికి మొదటి కారణం ఆర్థికం. ఒక గది, ఇద్దరు నటులు, ఒక తాళం ఉంటే కథ నడుస్తుంది. 2004లో వచ్చిన ‘సా’ చిత్రంలో పాడుబడిన స్నానాలగదిలో గొలుసులతో బంధించిన ఇద్దరు మనుషులే కథకు కేంద్రం. ఆ చిత్రీకరణ 18 రోజుల్లో ముగిసింది. తెలుగులో రాంగోపాల్ వర్మ ‘దొంగల ముఠా’ (2011)ను ఏడుగురు సాంకేతిక సిబ్బందితో అయిదు రోజుల్లో తీశాడు. అది భయానకం కన్నా ఉత్కంఠకే దగ్గరైనా, పరిమిత వనరులు కథను ఒక చోట బంధించే తీరుకు మంచి ఉదాహరణ.

ఇలాంటి చిత్రాలపై ప్రేక్షకాభిప్రాయాలు స్థూలంగా మూడు విధాలు. “ఇంత హింస చూపడం తప్పు” అనేది మొదటిది. “ఇంత తక్కువ ఖర్చులో బాగా తీశారు” అనేది రెండవది. “భయం వేసింది, అది చాలు” అనేది మూడవది. ఈ మూడూ చిత్రం గురించిన తీర్పులే. వీటి వెనుక ప్రేక్షకుడిని గురించిన ప్రశ్న ఒకటి ఉంది: పరుని నిర్బంధాన్ని చూసి ఆనందించడం ఎప్పుడు ఉచితం, ఎప్పుడు అనుచితం?

లేడి భయం ఎవరి మాటల్లో?

భయానక రసాన్ని వివరించేటప్పుడు అభినవగుప్తుడు అభిజ్ఞానశాకుంతలం ప్రథమాంకంలోని లేడిని ఉదాహరించాడు. సహృదయుడు అనుభవించే భయం తనది కాదు, మిత్రునిది కాదు, శత్రువుది కాదు. దేశకాలాల పరిమితి తొలగి అది సాధారణీకృతమవుతుంది. కనుకనే అది ఆస్వాద్యం. మూడవ అభిప్రాయానికి ఈ సిద్ధాంతం బలమైన సమర్థన అనిపిస్తుంది.

అయితే ఆ సన్నివేశంలో గమనించవలసినవి మరో రెండు ఉన్నాయి. లేడి భయాన్ని వర్ణించేది లేడి కాదు, దానిని తరుముతున్న దుష్యంతుడే. ఆ వర్ణన ఎంత సుందరమైనా వేటగాని చూపులోంచి వచ్చినది. రెండవది, నాటకం ఆ చూపును అక్కడే వదిలిపెట్టదు. తాపసులు అడ్డుపడి బాణాన్ని ఆపుతారు. అంటే రసాస్వాదం జరిగిన చోటనే నిషేధమూ పలికింది. సాధారణీకరణం ప్రేక్షకుని వ్యక్తిగత స్వార్థాన్ని తొలగిస్తుంది గాని, అతడు ఎవరి పక్కన నిలబడి చూస్తున్నాడన్న ప్రశ్నను తొలగించదు.

మూడు ఊళ్లు, మూడు నిర్బంధాలు

పెనుకొండ, హిందూపురం, ధర్మవరం ప్రాంతపు ప్రేక్షకునికి నిర్బంధం వెండితెర మీద మొదటిసారి ఎదురయ్యే విషయం కాదు. పెనుకొండలో తిమ్మరుసు చెరసాలగా ఐతిహ్యం చెప్పే చోటును నేటికీ చూపుతారు. పోర్చుగీసు రచయిత న్యూనిజ్ కథనంలో తిమ్మరుసు చెర, అంధత్వం యువరాజు మృతికి రాజు విధించిన శిక్షలు. 1962లో కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో వచ్చిన ‘మహామంత్రి తిమ్మరుసు’లో, గుమ్మడి పాత్రపోషణలో, అవి నిర్దోషికి జరిగిన అన్యాయాలు. సంఘటన ఒకటే. న్యూనిజ్ పాఠకుడు రాజు పక్కన నిలబడతాడు, సినిమా ప్రేక్షకుడు ఖైదీ పక్కన నిలబడతాడు. మొదటిచోట భయం, రెండవచోట కరుణ ప్రధానం కావడానికి కారణం ఈ స్థానభేదమే.

హిందూపురం సమీపంలోని లేపాక్షిలో విరూపణ్ణ కథ మరొక రకం. రాజశిక్ష రాకముందే కోశాధికారి తన కన్నులు తానే పెరికి గోడకు విసిరాడని జనశ్రుతి. గోడపై ఎర్రని మరకలను చూడటానికి సందర్శకులు ఆగుతారు. ఇక్కడ చెరసాల లేదు, భటుడు లేడు. భయమే శిక్షను అమలు చేసింది.

ధర్మవరం మగ్గం గుంటలో కూర్చున్న నేతగానికి తాళం లేదు. పట్టునూలుకు, పెళ్ళికి, వైద్యానికి తెచ్చిన అప్పు తీరేదాకా ఆ షావుకారుకే నేయవలసి వస్తే అదీ నిర్బంధమే. వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం (1976) అప్పుకు బదులుగా మనిషి శ్రమ స్వేచ్ఛను తాకట్టు పెట్టడాన్ని నేరంగా గుర్తించింది. తాళం కనబడనిచోట కూడా బందీ ఉంటాడని చట్టం అంగీకరించిందన్నమాట. 2017లో విడుదలైన విక్రమాదిత్య మోత్వానీ హిందీ చిత్రం ‘ట్రాప్డ్’ ఈ ఆలోచనకు దగ్గరగా వస్తుంది. ఎవరూ నివసించని ముంబయి భవనంలో ఒక యువకుడు చిక్కుకుపోతాడు. అతణ్ణి బంధించిన దుర్మార్గుడు కథలో లేడు.

ఖర్చు, ఔచిత్యం

ఇక రెండవ అభిప్రాయం. పేద నిర్మాణానికి ప్రేక్షకుడు చూపే దయ మంచిదే. కాంతి చాలకపోవడాన్ని, ధ్వని స్పష్టంగా లేకపోవడాన్ని పెట్టుబడి లేమి క్షమింపజేస్తుంది. కెమెరాను ఎక్కడ నిలపాలన్నది మాత్రం డబ్బుతో తేలే విషయం కాదు. గొలుసు బిగిసే మణికట్టు వైపా, బిగించేవాని వినోదం వైపా అన్నది దర్శకుని వివేకం. క్షేమేంద్రుడు కావ్యానికి ప్రాణమన్న ఔచిత్యం ఇక్కడ అలంకారశాస్త్ర పదంగా మాత్రమే మిగలదు, నైతిక పదమవుతుంది.

మొదటి అభిప్రాయానికీ ఇదే సమాధానం. 2006లో అమెరికన్ విమర్శకుడు డేవిడ్ ఎడెల్‌స్టీన్ ఈ కోవ చిత్రాలను ‘టార్చర్ పోర్న్’ అని పిలిచాక, ఆ ముద్రను హింస పరిమాణాన్ని బట్టి వేయడం అలవాటైంది. పరిమాణం సరైన కొలత కాదు. ఒక్క రక్తపు బొట్టు చూపకుండా బందీని వస్తువుగా మార్చవచ్చు. ఎంతో బాధను చూపుతూ అతడిని మనిషిగా నిలబెట్టవచ్చు.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉంది. బందీ పక్షాన నిలబెట్టిన చిత్రం కూడా ప్రేక్షకుడికి సులువైన ఆత్మతృప్తినే ఇవ్వవచ్చు. తెరపై తాళం తెగగానే అతడు ఊపిరి పీల్చుకుని ఇంటికి వెళతాడు, దారిలోని మగ్గం గుంటను చూడడు. ఈ ఆక్షేపణ న్యాయమైనదే. కళ ఒక్కటే మనిషిని బాధ్యుణ్ణి చేయలేదు. కాని బందీ స్థానంలోంచి ఒకసారి చూసినవాడు గుంటను చూడకపోవడానికి ‘తెలియదు’ అనే సాకు చెల్లదు.

ముగింపు

కనుక ప్రేక్షకాభిప్రాయాన్ని అభిరుచిగా మాత్రమే నమోదు చేయడం చాలదు. “బాగుంది”, “బాగాలేదు” అన్న మాటల్లో ప్రేక్షకుడు తాను నిలబడిన చోటును కూడా తెలుపుతున్నాడు. నిర్బంధ భయానక చిత్రాన్ని విమర్శించేవారు భయం ఎంత కలిగిందని అడగడంతో ఆగక, అది వేటగాని చూపులో కలిగిందా, లేడి చూపులో కలిగిందా అని కూడా అడగాలి. తాపసుల అడ్డగింపుకు ఆ కథలో చోటు ఉందా అన్నది ఆ తరువాతి ప్రశ్న. కథలో అది లేకపోతే, ఆ పని ప్రేక్షకుని మీద పడుతుంది.