కుడి చెవి

ధ్యాన భాగం: లూకా 22:47–51, యోహాను 18:10, 26, రోమా 11:22

తణుకులో మా మందిరంలో ఆరాధనకు ముందు కీర్తనలు వేసే సీడీ ప్లేయర్ చాలా పాతది. ఈమధ్య దాని కుడి పక్క మూగబోయింది. ఎడమ స్పీకర్‌లో హార్మోనియం, డోలక్ నిక్షేపంగా మోగుతున్నాయి. ఆ సీడీలో పాడేవాళ్ల గొంతులన్నీ కుడి వైపే రికార్డయ్యాయి. అందుకని కూర్చున్నవాళ్లకు వాయిద్యం అందుతోంది, పాట అందడం లేదు. సీడీ అరిగిపోయింది, కొత్తది తెప్పించాలని సంఘంలో అందరూ తేల్చేశారు.

రేడియోలు, టేపురికార్డర్ల కాలం నుంచి బజార్లో రిపేర్లు చేస్తున్న ఒక తమ్ముడు ఒక్కడే ఒప్పుకోలేదు. “సీడీలో తేడా ఉంటే రెండు పక్కలా పోవాలండి అయ్యగారూ. ఒక్క పక్కే ఎలా పోద్దండి?” అన్నాడు.

అతను చెప్పింది నిజం. సీడీ మీద ఎడమకొక గాడి, కుడికొక గాడి ఉండవు. మధ్యలో మొదలై చుట్టుకుంటూ బయటి అంచుకు వెళ్లే గాడి ఒక్కటే. పాటను సెకనుకు 44,100 సార్లు కొలిచి, ఆ కొలతలను ఎడమవీ కుడివీ కలిపి అందులోనే రాస్తారు. ఒక్కో చిన్న కట్టలో ఆరు ఎడమవి, ఆరు కుడివి. అంతటితో వదలరు. గీత పడినా పక్కపక్క కొలతలన్నీ ఒకేసారి పోకుండా వాటిని దూరదూరంగా చెదరగొట్టి, పోయినవాటిని తిరిగి లెక్కగట్టుకోవడానికి అదనపు అంకెలు చేర్చి రాస్తారు. గాడిలో సుమారు రెండున్నర మిల్లీమీటర్ల మేర దెబ్బతిన్నా మనకు తెలియకుండానే ప్లేయర్ దాన్ని పూడ్చుకుంటుంది. అంతకు మించితే పాట తడబడుతుంది, గెంతుతుంది, ఆగిపోతుంది. కుడి ఒక్కటే మాయమై ఎడమ చెక్కుచెదరకుండా ఉండటం మాత్రం జరగదు. 1982 అక్టోబరు 1న సోనీ జపాన్‌లో అమ్మకానికి పెట్టిన సీడీపీ-101లోనైతే అంకెలను శబ్దంగా మార్చే చిప్ కూడా ఒక్కటే ఉండేది. అదే ఎడమకొకసారి, కుడికొకసారి వంతులవారీగా పలికేది.

వాక్యమూ అంతే. రోమీయులకు రాసిన పత్రికలో పౌలు దేవుని అనుగ్రహాన్నీ కాఠిన్యాన్నీ ఒక్క వచనంలోనే పెట్టి, రెంటినీ చూడమంటాడు. విడదీసి రాయలేదు. మనం మాత్రం విడదీసి వింటాం. ముప్పై ఏళ్లుగా మందిరానికి వస్తూ, దేవుడు తనను ప్రేమిస్తున్నాడన్న మాట ఒక్కసారీ తనదాకా రాలేదనే తల్లి ఉంటుంది. ఆమెకు వినిపించేదంతా గద్దింపే. ఆదరణ మాటలకు కళ్లనీళ్లు పెట్టుకునే అన్న ఉంటాడు. బీదవాడి కూలి ఎగ్గొట్టకూడదన్న యాకోబు పత్రిక ఐదో అధ్యాయం ఎన్నిసార్లు చదివినా ఆయనకు తగలదు. ఇద్దరూ చదివేది ఒకే బైబిలు. వాక్యమే అలా ఉందని ఇద్దరూ నిజాయితీగా నమ్ముతారు. నాకు వాళ్ల మీద కోపం లేదు. ఒక పక్కే వింటున్నవాడికి రెండో పక్క ఉందని తెలిసే దారేది?

ఆ తమ్ముడు దారి చూపించాడు. యాంప్లిఫైయర్ వెనక ఎర్ర పిన్ను తీసి తెల్లదాని చోట, తెల్లది తీసి ఎర్రదాని చోట పెట్టాడు. మౌనం కుడి స్పీకర్ నుంచి ఎడమ స్పీకర్‌కు మారింది. అంటే స్పీకర్లూ యాంప్లిఫైయరూ బాగానే ఉన్నాయి, లోపం అంతకు ముందే ఎక్కడో ఉంది. మౌనం కదలకుండా కుడి స్పీకర్‌లోనే ఉండి ఉంటే ప్లేయర్‌ను విప్పే పనే లేదు. తర్వాత వైరు మార్చి చూశాడు. అదీ కాదు. ప్లేయర్ వెనక పిన్ను గుచ్చే చోట చిలుము పట్టి ఉంది. కాలువగట్ల ఊళ్లలో, కొల్లేటి వైపు మరీనూ, ఆ తడిగాలికి ఇత్తడి నిగనిగలాడటం అరుదు. దాన్ని తుడిచి, కింద వీడిన టంకాన్ని మళ్లీ వేడిచేసి అతికించాడు. అయినా మాట్లాడలేదు. అప్పుడు ప్లేయర్ ముందున్న హెడ్‌ఫోన్ గుంతలో పిన్ను పెట్టి నా చేతికిచ్చాడు. ఎడమ చెవిలో వాయిద్యం, కుడి చెవిలో పాట! ఆ గొంతు లోపలిదాకా సజీవంగానే వస్తోంది, బయటికి వెళ్లే గుమ్మంలోనే ఆగిపోతోంది. (ఇంట్లో ఎవరైనా మూత విప్పితే ముందు ప్లగ్గు తీసేయండి. కరెంటు ఉండగా లెన్సులోకి తొంగిచూడొద్దు. ఆ లేజర్ వెలుగు కంటికి కనబడదు గానీ కంటికి చేటు.)

ఆ గుమ్మంలో ఏముందో తెలిశాక నాకు రాత్రి నిద్ర పట్టలేదు.

ప్లేయర్‌కు కరెంటు ఇవ్వగానే స్పీకర్‌లో ఢబ్బుమనే చప్పుడు వస్తుంది. పాటకూ పాటకూ మధ్య సన్నని రొద ఉంటుంది. అవి చెవిని, స్పీకర్‌ను బాధించకుండా, తయారు చేసేవాళ్లు శబ్దం బయటికి పోయే చోట ఒక్కో పక్కకు ఒక్కో చిన్న ట్రాన్సిస్టర్ పెడతారు. కొన్ని సెట్లలో దాని బదులు రిలే ఉంటుంది. దాని పని మ్యూట్ చేయడం. చప్పుడు వచ్చే వేళకు ఆ దారిని గ్రౌండ్‌కు కలిపేసి, పాట మొదలవగానే వదిలేయాలి. ఏళ్ల తరబడి పనిచేసి అది లోపల షార్టయితే ఇక వదలదు. వచ్చిన శబ్దాన్నంతా ఎప్పటికీ గ్రౌండ్‌లోకే దించేస్తుంది. మా ప్లేయర్‌లో జరిగింది అదే. పాటను మింగేస్తున్నది రక్షణ కోసం పెట్టిన భాగమే.

గెత్సేమనే తోటలో పేతురు కత్తి కూడా రక్షణ కోసం తీసినదే. ప్రభువును కాపాడుకోవాలన్న ప్రేమ అది, అందులో అనుమానం లేదు. నలుగురు సువార్తికులూ ఈ సంగతి రాశారు. కొట్టినవాడు పేతురనీ, దెబ్బ తిన్న దాసుడి పేరు మల్కు అనీ యోహాను ఒక్కడే చెప్పాడు. తెగింది కుడి చెవి అని లూకా, యోహాను ఇద్దరూ గుర్తుపెట్టుకున్నారు. లూకా ఇంకో సంగతి కూడా రాశాడు, అది చదివినప్పుడల్లా నేను ఆగిపోతాను. కత్తితో కొట్టమంటారా అని శిష్యులు ప్రభువును అడిగారు. జవాబు రాకముందే ఒకడు కొట్టేశాడు. మల్కు చెవి తెగకముందే పేతురు చెవి పనిచేయడం మానేసిందన్నమాట. ఆ కత్తి ప్రభువును కాపాడలేదు, పేతురునూ కాపాడలేదు. ఆ రాత్రే ప్రధాన యాజకుడి ముంగిట్లో, చలిమంట దగ్గర, నిన్ను తోటలో చూడలేదా అని నిలదీసినవాడు మల్కు బంధువే. పేతురు మూడోసారి బొంకింది అతని ఎదుటే.

చిన్నప్పుడు మందిరంలో నలుగురి ముందు ఒక పెద్దాయన చేత చీవాట్లు తిన్న పిల్లవాడు, ఇక గద్దింపు అన్నది తనదాకా రాకుండా లోపల ఒక మ్యూట్ పెట్టుకుంటాడు. ఆనాడు అది అవసరమే, లేకపోతే ఆ పసిమనసు నిలబడేది కాదు. నమ్మినవాళ్ల చేతిలో మోసపోయిన తల్లి, తీపిమాట ఏది వినబడినా దాన్ని లోపలికి రానివ్వకుండా చూసుకుంటుంది. అదీ అవసరమే. దెబ్బ తగిలే క్షణం దాటిపోయి ఇరవై ఏళ్లయినా ఆ మ్యూట్ వదలకపోవడమే కష్టం. అప్పుడు మనిషి చీవాట్లతోపాటు దేవుని గద్దింపునూ, మోసపు తీపితోపాటు దేవుని ఆదరణనూ గ్రౌండ్‌లోకి దించేస్తాడు. ఇంకొంచెం గట్టిగా ప్రసంగిస్తే సరిపోతుందని బోధకులమైన మేము అనుకుంటాం. యాంప్లిఫైయర్ వాల్యూమ్ పెంచితే మా మందిరంలో డోలక్ మోతే పెరిగింది.

మల్కు చెవి బాగుపడిందని వైద్యుడైన లూకా ఒక్కడే రాశాడు. మిగతా ముగ్గురి సువార్తల్లో ఆ మాట లేదు. ప్రభువు ఆగమన్నాడు, ఆ చెవిని ముట్టాడు, స్వస్థపరిచాడు. తనను పట్టుకోవడానికి వచ్చినవాడి చెవి అది. మల్కు తర్వాత శిష్యుడయ్యాడని ఎక్కడా లేదు. ఏ షరతూ పెట్టకుండా చెవి తిరిగి ఇచ్చేశాడు. సిలువకు ముందు ఆ చేతులు చేసిన చివరి స్వస్థత ఇదే. కాసేపటికి ఆ చేతులనే కట్టారు.

మా తమ్ముడు ఆ ట్రాన్సిస్టర్ కాలు ఒకటి టంకం కరిగించి బోర్డు నుంచి పైకి లేపాడు. కుడి స్పీకర్‌లో పాట వచ్చింది. దాన్ని అలాగే వదిలేయవచ్చు కదా అన్నాను. వదలలేదు. “మ్యూట్ ఉండాలండి, లేకపోతే ఆన్ చేసినప్పుడల్లా స్పీకర్ అదిరిపోద్ది. వదలాల్సినప్పుడు వదిలేది వెయ్యాలి, అంతేనండి” అని కొత్తది వేశాడు.

ప్రార్థన: ప్రభువా, పేతురులాగే మేమూ నిన్ను అడుగుతాం, జవాబు వినకముందే చెయ్యెత్తుతాం. నీ మాటలో ఏ పక్క మాకు ఏళ్లుగా వినబడటం లేదో చూపించు. ఆదరణే వినేవాళ్లం ఈ వారం ఆమోసు గ్రంథం తెరిచినప్పుడు పేజీ తిప్పేయకుండా మమ్మల్ని కూర్చోబెట్టు. గద్దింపే వినేవాళ్లం యెషయా నలభైయో అధ్యాయం చదివినప్పుడు అది పక్కవాళ్ల కోసం రాసిందని అనుకోనివ్వకు. మా పాత గాయం మీద చెయ్యి పెట్టు. నొప్పి పుడుతుందని తెలిసే అడుగుతున్నాం. నిన్ను కాపాడుతున్నామనుకుని మేము విసిరిన మాటల వల్ల ఈ ఊళ్లో ఎవరి చెవి నీ సువార్తకు దూరమైందో వాళ్ల పేరు మాకు గుర్తుచెయ్యి. చీకటి పడకముందే వాళ్లింటికి వెళ్లే ధైర్యమివ్వు. ఆమేన్.