కాలనీ అంటే...

మా జిల్లాలో "ఎక్కడుంటావురా?" అని అడిగినవాడికి "కాలనీలో అయ్యా" అని చెబితే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. కులం తెలిసిపోతుంది. ఎక్కడ నిలబెట్టాలో, ఏ గ్లాసులో టీ పొయ్యాలో తెలిసిపోతుంది. అదే మాట హైదరాబాదులో అంటే "ఏ కాలనీ సార్?" అని ఇంకో ప్రశ్న వస్తుంది. అక్కడ కాలనీకి గేటుంటుంది, వాచ్‌మనుంటాడు, సంక్షేమ సంఘం బోర్డుంటుంది. కూకట్‌పల్లిలో హౌసింగ్ బోర్డు కాలనీ ఉంది. అక్కడ ఫ్లాటు కొనుక్కున్నవాడు ఆ పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడడు. ఢిల్లీలో ఇది ఇంకా ముదిరిన సంగతి. దేశ విభజన తర్వాత మిలిటరీ ఆఫీసర్ల కోసం కట్టింది డిఫెన్స్ కాలనీ, గుడిసెవాసుల్ని తోలేసిన చోటు జేజే కాలనీ. రెండూ కాలనీలే. ఒకదాంట్లో ఇల్లు కొనాలంటే కోట్లు కావాలి, రెండోదాంట్లో ఉండేవాళ్ళు మొదటిదాంట్లో అంట్లు తోముతారు.

ఒకే ఇంగ్లీషు మాట ఇన్ని వేషాలు ఎట్లా వేస్తుంది? చాలా ఏళ్ళుగా ఇది నన్ను తొలుస్తూనే ఉంది.

డిక్షనరీ తీస్తే వేరు లాటిన్‌లో దొరికింది. కొలోనస్ అంటే భూమి దున్నేవాడు. కల్చర్ అనే పెద్ద మాట కూడా ఆ దున్నకంలోంచే పుట్టింది. రోమన్లు గెలిచిన నేల మీద తమ పాత సైనికులకి భూములిచ్చి ఊళ్ళు కట్టించారు, అవి కొలోనియాలు. జర్మనీలో కొలోన్ నగరం పేరు అట్లా వచ్చిందే. అంటే కాలనీవాడంటే మొదట్లో భూమి దొరికినవాడు. మా కాలనీలో దున్నేవాళ్ళు ఇంటికిద్దరున్నారు. దొరికింది మాత్రం మూడు సెంట్లు. లెక్కేస్తే 145 గజాలు. అందులోనే ఇల్లు, గొడ్డు, నీళ్ళ తొట్టి, పెళ్ళయిన కొడుక్కి వసారా.

కాలనీ రాకముందు మాది పల్లె. మా వైపు పల్లె అంటే పుస్తకాల్లో రాసే పచ్చని పల్లెటూరు కాదు. ఊరు వేరు, పల్లె వేరు. ఓటరు లిస్టులో మేము ఆ ఊరివాళ్ళమే. కానీ మా అమ్మ దుకాణానికి పోతా "ఊళ్ళోకి పొయ్యొస్తారా" అనేది. మధ్యలో ఉంది ఒక్క డొంక. మేము ఊళ్ళో లేమని మా నోటితో మాకే చెప్పించే భాష అది. ఏ పంతులూ నేర్పకుండానే వచ్చేసింది మాకు.

1984లో సర్కారు వాళ్ళు డొంకకి అవతల రెండెకరాల చౌడు కొని యాభై ఇళ్ళకి ముగ్గు పోశారు. అమ్మిన ఆసామికి అది గింజ మొలవని చెక్క. వానొస్తే ఊరి మురుగంతా అక్కడికే దిగుద్ది. పక్కనే శ్మశానం. సర్కారు రేటుకి అమ్ముకుని గట్టెక్కాడాయన, పైగా "మాదిగోళ్ళకి భూమిచ్చినోణ్ణి" అని చచ్చిందాకా చెప్పుకున్నాడు.

అయినా ఆ రోజుల్లో మా అమ్మ మొహం చూడాలి. అంతకుముందు ఆస్పత్రిలో చీటీ రాసేవాడు "ఎక్కడ మే?" అంటే "మాదిగపల్లె బాబూ" అని గొణిగేది. ఇప్పుడు "కాలనీ అండీ, కాలనీలో ఉంటన్నాం" అని గట్టిగా చెప్పేది. కులం పేరు లేని చిరునామా ఆమె బతుకులో అదే మొదటిది. ఇంగ్లీషు రాని మనిషి ఆ ఇంగ్లీషు మాటని కొత్త కోకలాగా కట్టుకుంది.

ఆ కోక మాయడానికి రెండేళ్ళు పట్టలా. 'కాలనీ పిల్లలు', 'కాలనీ బుద్ధులు', చివరికి 'కాలనీ కుక్క' కూడా వచ్చాయి. ఊళ్ళో ఆడవాళ్ళు కుళాయి దగ్గర వాళ్ళలో వాళ్ళు తగువాడుకుంటా "నువ్వేమన్నా కాలనీదానివా?" అని తిట్టుకునేవాళ్ళు. కులం పేరెత్తి తిడితే కేసవుద్దని భయముంటే కాలనీ అంటే సరిపోద్ది. ఏ సెక్షనూ అడ్డం రాదు.

మాకిది కొత్త కాదు. 1917లో బెజవాడలో భాగ్యరెడ్డివర్మ అధ్యక్షతన జరిగిన సభలో పంచములనే పేరు వద్దని ఆది ఆంధ్రులమని చెప్పుకున్నారు మనవాళ్ళు. తర్వాత గాంధీ హరిజనులన్నాడు. ఆ మాట ఆఫీసు కాగితాల్లో రాయొద్దని 1982లో కేంద్ర ప్రభుత్వమే చెప్పాల్సి వచ్చింది. ఎస్సీ అనేది అచ్చంగా రాజ్యాంగంలోని మాట. దాన్నీ "వీడు ఎస్సీగాడు" అని పలకడం నేర్చుకున్నారు. అందరూ అంటుంటారు, పేరులో ఏముందండీ, మనుషులు మారాలి గానీ అని. పేరులో ఏమీ లేకపోతే 2022 మే 24న అమలాపురంలో మంత్రి ఇల్లు ఎందుకు తగలబడింది? కోనసీమ ముందు అంబేడ్కర్ అనే మాట చేర్చినందుకే కదా! పేరులో ఏముందో వాళ్ళకి మనకన్నా బాగా తెలుసు.

అయితే మైల ఎక్కడుంది? మాటలోనా, పలికే నోట్లోనా? మాటలోనే ఉంటే కూకట్‌పల్లికి కూడా అంటాలి. నోట్లో ఉందంటే సరిపోద్దనుకున్నా కొన్నాళ్ళు. అదీ చాల్లేదు. నోరెత్తకుండా కూడా ఆ మాట పని చేస్తుంది. ఉద్యోగం వచ్చాక ఒక టౌన్లో ఇల్లు అద్దెకి మాట్లాడుకున్నాను. అడ్వాన్సు కూడా తీసుకున్నాడు. "మాస్టారూ, ఆధార్ జిరాక్సొకటి ఇవ్వండి" అన్నాడు. ఇచ్చాను. చిరునామా దగ్గర ఆయన కళ్ళు ఆగడం చూశాను. మూడో రోజు ఫోను: "మా అల్లుడుగారొస్తున్నారండీ, ఏమీ అనుకోకండి." డబ్బు తిరిగిచ్చాడు, రూపాయి తగ్గించలా. చాలా మర్యాదస్తుడు.

ఆ మాటకి బలం అది పాతుకున్న నేలనించి వస్తుందని నాకిప్పుడు అనిపిస్తుంది. డొంకకి ఇవతల ఊరూ, అవతల మేమూ ఉన్నంతకాలం అవతలి వైపుకి ఏ పేరు పెట్టినా కొన్నాళ్ళకి అది తిట్టే అవుద్ది.

ఇక్కడ మన విప్లవ మిత్రుల్ని ఒక్క మాట అనకుండా ఉండలేను. హాస్టల్లో ఉన్నప్పుడు రాత్రిళ్ళు గోడల మీద 'అర్ధవలస, అర్ధభూస్వామ్య' అని ఎర్రరంగుతో రాసేవాణ్ణి. కాలనీకి తెలుగు వలస అని అక్కడే నేర్చుకున్నాను. ఆసియా, ఆఫ్రికా కాలనీల సంగతులు ఎన్ని క్లాసుల్లో విన్నానో లెక్కలేదు. వినేవాళ్ళలో సగం మందిమి ఎస్సీ కాలనీలనించి వచ్చినవాళ్ళం. ఒకే మాట అటూ ఇటూ ఎందుకుందని చెప్పేవాళ్ళెవరూ అనలేదు. ఎస్సీ కాలనీని ఎవరూ ఎస్సీ వలస అని తర్జుమా చెయ్యలేదు. చేసుంటే ఊరి రాజ్యం ఎవరిదో, పన్నుగా చాకిరీ ఎవరు కడతన్నారో, గోడల మీద కొంచెం వేరేగా రాసుండేవాళ్ళం. మావాళ్ళు మిరపకోతలకి గుంటూరు వైపు పోతే దాన్నీ వలసంటారు. వలసలో ఉండి వలస పోవడం అన్నమాట.

ఇప్పుడు పక్క రాష్ట్రాల్లో ఈ మాటని తీసేస్తున్నారు. మహారాష్ట్ర 2020లో కులం పేర్లతో ఉన్న వాడల పేర్లు మార్చాలని నిర్ణయించింది. కేరళలో మంత్రి రాధాకృష్ణన్ 2024 జూన్‌లో పదవి వదిలే ముందు కాలనీ అని వాడొద్దని ఉత్తర్వు ఇచ్చారు, నగర్ లాంటి పేర్లు సూచించారు. తమిళనాడులో 2025 ఏప్రిల్‌లో ముఖ్యమంత్రి స్టాలిన్ ఆ మాటని రికార్డుల్లోంచి తీసేస్తామని అసెంబ్లీలో చెప్పారు. మా కుర్రాళ్ళు కూడా అంబేడ్కర్ నగర్ అని బోర్డు రాయించారు. నేను చందా ఇచ్చాను. మార్చాల్సిందే. కార్డు మీద చూసి ఇల్లివ్వనివాడికి కనీసం చదువుకునే శ్రమన్నా పెరుగుద్ది.

కానీ విడిగా ఉండటమే అవమానమంటే నేను ఒప్పుకోను. 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో అంబేడ్కర్ అడిగింది విడి గ్రామాలే. హిందూ గ్రామాలకి దూరంగా, వాళ్ళ మీద ఆధారపడకుండా. సర్కారు సాగుభూమి ఇచ్చి, చాలకపోతే కొనిచ్చి, దానికో సెటిల్మెంట్ కమిషన్ పెట్టమన్నాడు. భూమితో సహా అడిగాడు కాబట్టి అది లాటిన్ అర్థంలో కాలనీ. సర్కారు మాకిచ్చినదాంట్లో విడి ఉంది, భూమి లేదు. పొద్దున లేచి కూలికి మళ్ళీ ఆ ఊళ్ళోకే పోవాలి. దూరమూ కాదు, దగ్గరా కాదు.

కారంచేడు వాళ్ళు అందుకే గుర్తొస్తారు. 1985 జూలై 17న మాదిగపల్లె మీద పడి చంపాక, బతికినవాళ్ళు చీరాల చేరారు. ఇక ఆ ఊరు పోమన్నారు. చీరాలలో వాళ్ళు నిలబడ్డ చోటు విజయనగర్ కాలనీ. ఆ పేరులో కూడా కాలనీ ఉంది. నా చెవికి అది తిట్టులా వినపడదు. వదిలేసి వచ్చినవాళ్ళు ఎంచుకున్న చోటు అది.

ఈ మాటలన్నీ మా అమ్మకి చెప్పాను. బోర్డు దగ్గర ఫొటో కూడా దిగింది. తర్వాత మెల్లగా అడిగింది: "పేరు మారిస్తే ఆ కార్డులన్నీ మళ్ళీ తియ్యాలంటగా అబ్బాయ్. పింఛనీ ఆపరుగదా?"