నేర్చుకోవడం కూలి అవుతుందా?

నాతోపాటు కళాశాలలో పాఠాలు చెప్పిన మిత్రుడొకరు నలభయ్యోయేట ఉద్యోగం వదిలి, వంటవిద్య చదివి, ఒక పెద్ద హోటలు వంటశాలలో శిక్షణకు చేరారు. పొద్దస్తమానం ఉల్లిపాయలు తరగడమే పని. జీతం లేదు. "నేర్చుకొంటున్నాను, అదే నా జీతం" అంటారాయన.

వేయిసార్లు తరిగితేగాని చెయ్యి తిరగదు, నిజమే. కాని ఆ ఉల్లిపాయలన్నీ అతిథుల పళ్ళేలలోకే పోయాయి. వాటి వెల యజమానికే ముట్టింది.

ఇది మనచోటే ఉన్న వింత కాదు. కోపెన్‌హేగన్‌లోని నోమా భోజనశాల ప్రపంచ ప్రసిద్ధం. అక్కడా శిక్షణార్థులు ఏళ్ల తరబడి వేతనం లేకుండానే పనిచేశారు. 2022లోగాని వేతనం మొదలుకాలేదు. 2023 జనవరిలో దాని అధినేత రెనే రెడ్జెపి, ఆ తరహా భోజనశాల ఆర్థికంగా నిలవదని ఒప్పుకొన్నాడు. వేతనమొక్కటే కారణమనను. కాని ఆ వైభవం బరువులో కొంత కూలిలేని చేతులే మోశాయన్నది కాదనలేం.

మన 1961 నాటి అప్రెంటిసుల చట్టం అప్రెంటిసును కార్మికుడు కాదంటూనే, అతనికి స్టైపెండు ఇచ్చితీరాలంటుంది.

మిత్రుడు ఇష్టపడే చేరారు గదా అనవచ్చు. ఆయనకు దాచుకొన్న డబ్బుంది. అది లేనివాడికి ఆ తలుపు మూసుకొన్నట్టే. పైగా ఊరికే పనిచేసే మనిషి పక్కనుండగా, గిన్నెలు తోమే కుర్రవాడు కూలి పెంచమని ఏ నోటితో అడుగుతాడు? ఒకరి త్యాగం మరొకరి కూలికి గండి కొడుతున్నది.

ఒక్క ప్రశ్న చాలు: రేపు శిక్షణార్థి రాకపోతే ఆ పూట వంట కుంటుపడుతుందా? పడితే, అతడు విద్యార్థి అయినా కార్మికుడే. నేర్పినందుకు యజమానికి కృతజ్ఞత చెప్పవచ్చు. పనిచేసినందుకు కూలి అడగవలసిందే.