పీల్చిన వాయువు, కలిగిన జ్ఞానం

ఊపిరితిత్తుల ద్వారా ఒంట్లోకి చేరిన ఒక వాయువు కొద్ది క్షణాలపాటు విశ్వరహస్యం తెలిసిపోయిందన్న గాఢమైన నమ్మకాన్ని కలిగిస్తే, దానిని జ్ఞానమనాలా, మెదడులో పుట్టిన వికారమనాలా అన్నది రెండు శతాబ్దాలకు పైబడిన ప్రశ్న. ఇంగ్లండులోని బ్రిస్టల్ దగ్గర క్లిఫ్టన్‌లో, క్షయ వంటి వ్యాధులను వాయువులు పీల్పించి నయం చేయాలన్న ఆశతో థామస్ బెడోస్ అనే వైద్యుడు 1799లో ఒక సంస్థను నెలకొల్పాడు. అక్కడ ప్రయోగాలు చేసిన హంఫ్రీ డేవీ, తరువాతి కాలంలో నవ్వించే వాయువుగా పేరుపడిన నైట్రస్ ఆక్సైడ్‌ను స్వయంగా పీల్చి, తేరుకుంటున్న వేళ, ఆలోచనలు తప్ప లోకంలో మరేదీ లేదని ప్రకటించాడు.

ఆ వాయువు పనిచేసే తీరు ఈ ప్రశ్నకు పదును పెడుతుంది: అది ఒంట్లో నిలవదు, కలిగించిన నమ్మకం మాత్రం నిలవవచ్చు. అది ఊపిరితిత్తులలోని వాయుకోశాల, అంటే గాలి నిండే అతి చిన్న తిత్తుల, పలుచని గోడలు దాటి నెత్తురులో కలుస్తుంది. అక్కడ అంతగా కరగదు కనుక మెదడుపై త్వరగా ప్రభావం చూపి, పీల్చడం ఆపగానే దాదాపు ఏ మార్పూ లేకుండా ఊపిరితోనే బయటికి పోతుంది. అలా వెనక్కి వచ్చేటప్పుడు వాయుకోశాలలోని ఆక్సిజన్‌ను పలుచన చేస్తుంది కాబట్టి మత్తువైద్యులు చివర కొంతసేపు ఆక్సిజన్ అందిస్తారు. పదేపదే పీల్చేవారిలో మాత్రం అది బి12 విటమిన్‌ను నిర్వీర్యం చేసి వెన్నుపామును, నరాలను దెబ్బతీస్తుంది.

అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ కూడా దానిని పీల్చి చూశాడు. మత్తులో రాసుకున్న పుటలు తేరుకున్నాక చదివితే అర్థరహితంగా తోచాయని 1882లో చెప్పిన ఆయనే, మెలకువలోని చైతన్యం అనేక చైతన్యరూపాలలో ఒకటి మాత్రమేనన్న నిశ్చయం ఆ అనుభవంతోనే కలిగి చెదరకుండా నిలిచిందని 1902 నాటి గ్రంథంలో రాశాడు. అనుభవాన్ని అది పుట్టిన చోటును బట్టి కాక ఫలాన్ని బట్టి తూచాలన్నది ఆయన వాదం. ఇందులో కాదనలేని సత్యముంది: జ్వరంలో చేసిన లెక్క సరిగా ఉంటే జ్వరం వల్ల అది తప్పైపోదు.

యోగసూత్రాలు రచించిన పతంజలి కూడా అనుభవాన్ని మూలాన్ని బట్టి తోసిపుచ్చలేదు. ఆ గ్రంథంలోని కైవల్యపాదం తొలి సూత్రం సిద్ధులకు, అంటే అసాధారణ శక్తులకు, కారణాలైన ఐదింటిలో ఓషధిని చేర్చింది. అయితే ధ్యానం వల్ల ఏర్పడిన చిత్తానికే ఆశయం, అంటే కర్మవాసనల నిల్వ, ఉండదని ఆరో సూత్రం తేల్చింది. అద్వైతుల గీటురాయి ఇంకా కఠినమైనది. వేదాంత పరిభాష అనే గ్రంథంలో ధర్మరాజాధ్వరీంద్రుడు నిర్వచించిన ప్రమ, అంటే యథార్థజ్ఞానం, మరొక జ్ఞానంతో బాధితం కాకూడదు, అంటే రద్దు కాకూడదు. జేమ్స్ పుటలు మెలకువ రాగానే రద్దయ్యాయి. మిగిలినది తెలిసిన విషయం కాదు, తెలిసిందన్న భావం. ఈ రెండూ విడివడగలవని చూపడమే ఈ వాయువు తత్త్వచింతనకు చేసిన పెద్ద మేలు. కేవలం నిశ్చయభావాన్నే సాక్ష్యంగా చూపే ధ్యానసాధకుడు కూడా ఈ పరీక్షకు నిలవవలసిందే.

నొప్పిని తగ్గించే ఈ వాయువు శస్త్రచికిత్సలో ఉపయోగపడవచ్చునని డేవీ 1800లో ప్రచురించిన గ్రంథంలోనే సూచించాడు. ఎవరైనా పరీక్షించి చూడదగిన ఆ మాట మాత్రం, 1844 డిసెంబరులో హార్ట్‌ఫర్డ్ దంతవైద్యుడు హొరేస్ వెల్స్ ఆ వాయువు పీల్చి తన పన్ను తీయించుకునేదాకా, ఆచరణలోకి రాలేదు.