పులి చోట వరద

వాల్మీకిపురాన్ని ముసలివాళ్లు ఇప్పటికీ వాయల్పాడనే అంటారు. ఆ ఊళ్లో ఒక ఇంటి అరుగు బండ మీద పులి-మేక పటం చెక్కి ఉండేది. గీతలు కలిసే చోట్లు 23. పులులు మూడు, మేకలు పదిహేను. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. మూడు తరాల పిల్లలు ఆడీ ఆడీ బండ నున్నబడింది గానీ గీతలు చెరగలేదు.

ఒక ఎండాకాలం సెలవులకు బెంగళూరు నుంచి మనవరాలు వచ్చింది. సంచిలో లావుపాటి రూల్సు పుస్తకం, ఇరవై ముఖాల పాచిక తెచ్చింది. ఆ ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగిలినవాళ్లు తలా ఒక వీరుడై, ఆ కథలో తామేం చేస్తారో చెబుతారు. తేలని చోట పాచిక తేలుస్తుంది. పెద్దమ్మ పిల్లలు, మేనమామ పిల్లలు చుట్టూ చేరారు.

"రాత్రంతా వాన. చెరువు కట్ట తెగింది. నీళ్లు ఊరి మీదికి వస్తున్నాయి. ఏం చేస్తారు?" అని అడిగింది పాప.

"ఇసుక మూటలు వేస్తాం" అన్నారు పిల్లలు.

మూటలు ఆగుతాయా? ఎన్ని వేయాలి? పాప పుస్తకం తిరగేసింది. కత్తికి రూలుంది, మంత్రానికుంది, రాక్షసుడికుంది. తెగిన చెరువుకు లేదు. నోటుబుక్కు తీసి తానే రాయడం మొదలుపెట్టింది. నీటి వేగానికొక రూలు, మూట బరువుకొకటి, తడిసిన మట్టికొకటి. పొద్దుగూకేసరికి పన్నెండు పేజీలు నిండాయి. కథ మాత్రం కట్ట దగ్గరే నిలిచిపోయింది. పిల్లలు ఒక్కొక్కరే లేచి గోలీలాటకు పోయారు.

పాప ఒక్కతే కూర్చుని ఉంటే తాత వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఏం మా, ఆట అయిపోయిందా?"

"లేదు తాతా. రూల్సు చాలలేదు."

"ఉండేవాటిని అడిగి చూసినావా?" అంటూ తాత బండ మీద వేలితో తట్టాడు. "పులి దేన్ని దూకుతాది?"

"పక్కనుండే మేకను. దాని వెనక చోటు ఖాళీగా ఉంటేనే."

"ఆ వెనక ఇంకో మేక ఉంటే?"

"దూకలేదు."

"మీ నీళ్లు మాత్రం ఇంకేం చేస్తాయి మా? ఒంటి మూటను దాటిపోతాయి. వెనక ఇంకోటి ఆనుకోనుంటే నిలబడిపోతాయి. ఈ మూడు రాళ్లూ నీళ్లనుకో. గింజలు మూటలనుకో."

పాప పటాన్ని చాలాసేపు చూసింది. "పులులు కదల్లేకపోతే మేకలు గెలిచినట్టు కదా తాతా. మరి నీళ్లు కదల్లేకపోతే?"

"కదలని నీళ్లను మనం ఏమంటాం?"

"చెరువు!" అని గోలీలాట నుంచి చిన్నోడు కేక వేశాడు.

మరుసటి రోజు అరుగు నిండిపోయింది. నోటుబుక్కు ఎవరూ తెరవలేదు. మూడు పాయల వరదను పదిహేను మూటలతో కట్టేసి, మళ్లీ చెరువు చేశారు. ఆ పైరోజు కథలో ఊళ్లో పుకారు పుట్టింది. పులులే పుకార్లయ్యాయి. ఒంటిగా ఉన్న మనిషిని దాటిపోయే పుకారు, ఇద్దరు ఒక మాట మీద నిలిస్తే ఆగిపోయింది.

నాలుగో రోజు పెద్దోడికి చిక్కు వచ్చింది. వరద అతని మూటలను ఆరింటిని మింగింది. ఏడోది పోబోతుంటే గింజ పట్టుకుని, "నా మూట నీళ్లను దూకుతాది. పాత రూలును కొత్తగా వాడుకోవచ్చని తాతే చెప్పినాడు కదా!" అన్నాడు.

పాపకు ఏం చెప్పాలో తోచలేదు. తాత వైపు చూసింది.

"ఆటకు ముందు చెప్పి అందరినీ ఒప్పిస్తే అది నేర్పు. ఓడిపోయేటప్పుడు గుర్తొస్తే తొండి" అన్నాడు తాత.

పెద్దోడు గింజ దించాడు. పాప మాత్రం, "ఈసారి ముందే ఒప్పుకుని ఆడి చూద్దాం. మేకలూ దూకవచ్చు" అంది. అందరూ సరేనన్నారు. ఆడారు. గింజలు తలా ఒక దిక్కుకు దూకాయి. ఒకదాని వెనక ఇంకొకటి నిలబడాల్సిన పనే లేకపోయింది. కాసేపటికి చిన్నోడు, "ఇది బాలేదు. మేకలు దూకలేకపోవడమే బాగుండె" అన్నాడు. దూకలేని మేకలే జట్టు కట్టాయని వాళ్లకు అప్పుడు తెలిసింది.

నీతి: కొత్త రూలు రాసేముందు, ఉన్న రూలు ఏ పని చేస్తోందో చూడాలి. పులి అన్నది పైతోలు. ఒంటిదాన్ని దాటుతుంది, జంటను దాటలేదు అన్నది లోపలి ఎముక. తోలు ఎన్నిసార్లయినా మార్చవచ్చు. ఎముకను విరిచేటప్పుడు మాత్రం అది దేన్ని నిలబెడుతోందో ముందు తెలియాలి.

పాప తెచ్చిన ఆట పుట్టిందీ ఇలాగే. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' తెచ్చినప్పుడు అన్నీ కొత్తగా రాయలేదు. పోరాటాలకు 'చైన్‌మెయిల్' అనే 1971 నాటి యుద్ధపు ఆటను ఆధారం చేసుకున్నారు. దేశం తిరగడానికి 'అవుట్‌డోర్ సర్వైవల్' పటం వాడుకొమ్మన్నారు. అడవిలో దారి తప్పిన మనిషి ఆకలిదప్పులను తట్టుకుని బయటపడే ఆట అది. ఆ పటంలోని నీటి మడుగులు వీరుల కథలో కోటలయ్యాయి, ఇళ్ల గుర్తులు ఊళ్లయ్యాయి.

అంత దూరం కూడా పోనక్కరలేదు. వల్మీకమంటే పుట్ట. చెదలు తమకోసం కట్టుకున్న పుట్ట ఒక ముని తపస్సుకు ఇల్లయిందనీ, అందులోంచి వచ్చాడు గనుకే ఆయన వాల్మీకి అయ్యాడనీ మన పెద్దల కథ. ఆ ఊరి పేరులోనే ఆ పుట్ట ఉంది.

కాబట్టి ఉన్నదానికి కొత్త పని చెప్పండి. ఆట మొదలుకాక ముందే చెప్పండి. మీ గింజకు ఇచ్చిన దూకుడు ఎదుటివాడి గింజకూ ఇవ్వండి. అలా ఇవ్వడానికి మనసొప్పలేదంటే, మీ చేతిలో ఉన్నది నేర్పు కాదు, తొండి.